ఆత్రానికో ధర

దేశంలో ద్రవ్యోల్బణం సున్నాకి దిగిందని ప్రకటించిన రోజున కాకినాడ ధరల సేకరణ కార్యాలయంలో సమోసాలు పంచారు. మనిషికి ఒక్కటి. ధరలే పెరగని దేశంలో రెండోది ఎందుకివ్వలేదని అడిగినవాడు లేడు. అడిగే బుర్రలే అయితే ఆ కుర్చీల్లో ఎందుకుంటాయి?

డైరెక్టరు విశ్వనాథంగారు మైకు పట్టుకుని అరగంట వాయించారు. ‘గడప’ అనే కంపెనీ ఇంటింటికీ సరుకు తెచ్చివ్వడం మొదలుపెట్టాక దళారులు పోయారట, కొట్ల అద్దెలు పోయాయట, తూకంలో మోసాలు పోయాయట, వాటితోపాటే ధరల పెరుగుదలా పోయిందట. టీవీలో టై కట్టుకున్న ప్రతి మేధావీ నెల రోజులుగా పాడుతున్న పాటే అది. బజారే పోయిందన్న ముక్క మాత్రం ఎవరి నోటా రాలేదు. చివర్లో ఆయన, “ఈ సున్నా వెనక మన నూకరత్నంగారి లాంటివాళ్ళ నిజాయితీ ఉంది” అని ఓ శాలువా కప్పారు.

నూకరత్నం శాలువా మడిచి సంచీలో కుక్కుకుంది. ఇరవయ్యారేళ్ళ సర్వీసు ఆవిడది. సాంబమూర్తి నగర్ నుంచి జగన్నాథపురం మార్కెట్టు దాకా ప్రతి సోమవారం కాలినడకన తిరిగి తొంభై నాలుగు సరుకుల ధరలు రాసుకొచ్చేది. ఆ రాతల్లోంచే ఢిల్లీవాళ్ళు సూచీ కట్టేవారు. సూచీ పెరిగితే జీతాలూ, పింఛన్లూ, కూలి రేట్లూ పెంచాలి. పెరగకపోతే ఎవడికీ పైసా విదల్చక్కర్లేదు.

ఆ ఉద్యోగానికి ఒకటే పెద్ద రూలు. ధర అడిగిన కొట్లో కొనకూడదు. కొనే మనిషని తెలిసిందా, కొట్టువాడి నోట్లో ధర మారిపోతుంది. నూకరత్నం ఆ రూలుని మడి కట్టుకున్నట్టు పాటించింది. మే నెల ఎండలో నాలుక పిడచకట్టుకుపోతున్నా ధర అడిగిన కొట్లో గోలీ సోడా తాగి ఎరగదు. తాగే తోటి ఉద్యోగులని చూస్తే ఆవిడకి ఒళ్ళు మండేది.

తర్వాత గడప వచ్చింది. రెండేళ్ళలో కొట్లన్నీ షట్టర్లు దింపేశాయి. ఆఫీసువాళ్ళు తలా ఒక ఫోను చేతిలో పెట్టి, ఇక తిరగక్కర్లేదు, ఇందులోనే ధరలు అడగండి అన్నారు. రూలు మాత్రం అదే. అడగాలి, కొనకూడదు. నూకరత్నం సొంత సరుకులు ప్రభుత్వ క్వార్టర్సులోని సహకార స్టోరులో వచ్చేవి. పిల్లల పాల డబ్బాల్లాంటివి అక్కడ దొరకవు గానీ, కందిపప్పుకి పదేళ్ళ కిందటి ధరే. దేశానికి ధరలు కొలిచేవాళ్ళకి ధరల బాధ లేకుండా చూసుకున్న ఘనత మన సర్కారుది.

శాలువా చూపిద్దామని ఆ సాయంత్రమే కూతురింటికి వెళ్ళింది. కూతురు ప్రవల్లిక జగన్నాథపురంలో ఓ అపార్టుమెంటు మూడో అంతస్తులో ఉంటోంది. అల్లుడు లోవరాజు గడప గోడౌనులో మూటలు మోస్తాడు. సూచీ పెరిగినప్పుడే జీతం పెంచుతామని కాగితం రాయించుకుని మరీ ఉద్యోగమిచ్చారు అతనికి. నాలుగు నెలల పాప. పురిట్లో జబ్బు చేసి ప్రవల్లికకి పాలు రాలేదు. గేదెపాలు పడితే పిల్లకి విరేచనాలు. డబ్బా పాలే గతి.

పిల్లని ఎత్తుకోగానే నూకరత్నం మొహం చిట్లించింది. “ఏంటే, ఇంత తేలిగ్గా ఉంది? కిందటి నెల ఇలాగే ఉంది, ఈ నెలా ఇలాగేనా?”

“దాని తత్వం అంతేనమ్మా.”

“తత్వమా? పాలు సరిగ్గా పడుతున్నావా లేదా? డబ్బా నాలుగొందల ఎనభై. ఈ సోమవారం కూడా నేనే అడిగాను. దానికి కూడా లెక్క చూసుకుంటున్నారా మొగుడూ పెళ్ళాం?”

ప్రవల్లిక సీసా కడుగుతూ, “నీకు నాలుగొందల ఎనభై చెబుతాడు” అంది నెమ్మదిగా.

“ఎవరికైనా అంతే చెబుతాడు. నీకు బేరం చేతకాదు, అదీ సంగతి. పన్నెండేళ్ళ వయసులో గోరుచిక్కుళ్ళు రెట్టింపు పెట్టి కొనుక్కొచ్చిన దానివి. నా కడుపున ఎలా పుట్టావో!”

ఫోనులో బేరమేంటని అడగొచ్చు. అడగలేదా పిల్ల. వంటింట్లో డబ్బాలన్నిటి మీదా గడపవాళ్ళు ఊరికే ఇచ్చిన మూతలున్నాయి. సరుకు ఎంత మిగిలిందో ఆ మూతే చూసుకుంటుంది, అయిపోకముందే కబురు పెడుతుంది. ఊళ్ళో అందరూ ఎగబడి తెచ్చుకున్నారు. ఊరికే వస్తే మనవాళ్ళు ఏదైనా తెచ్చుకుంటారు.

ఆ మూతలు తయారైన చోటుకి నూకరత్నం రెండేళ్ళ కిందట ఒకసారి వెళ్ళింది. పోర్టు రోడ్డులో అద్దాల మేడ, అందులో గడపవాళ్ళ ప్రయోగశాల. అక్కడి శాస్త్రవేత్త డాక్టర్ వక్కలంక నిశాంత్ కబురంపించి మరీ పిలిపించాడు. కొనేవాడి అవసరం అమ్మేవాడికి ఎలా తెలుస్తుందో చెప్పండి మేడమ్ అని చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఇరవై నాలుగేళ్ళుగా ఎవరూ అడగని ప్రశ్న. ఆవిడ ఉబ్బిపోయింది.

“సరుకు వంక చూసేవాడికి ధర పెరుగుద్ది బాబూ. పక్క కొట్టు వంక చూసేవాడికి తగ్గుద్ది. సంచీలోంచి మందుల చీటీ కనిపిస్తే ఇంకో పది వేస్తాడు. రెండోసారి తిరిగొచ్చి అడిగితే ఇక తగ్గించడు. అడిగేసి వెనక్కి తిరిగి చూడకుండా నడిచేవాళ్ళని మాత్రం కేకేసి మరీ పిలిచి ఇస్తాడు. మొత్తం ఆత్రంలో ఉందయ్యా. ఆత్రం కనపడనిచ్చామా, అయిపోయామే.”

నిశాంత్ అంతా రాసుకున్నాడు. కూడా ఉన్న కుర్రకారు చప్పట్లు కొట్టారు. ఓ పూలకుండీ బహుమతిగా ఇచ్చి కారులో దింపారు. కుండీ బాల్కనీలో పెట్టుకుని వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ చూపించుకుందావిడ. ఎందుకడిగారో ఒక్కసారైనా ఆలోచించిందా అంటే, లేదు. పొగిడితే చాలు, మనిషికి బుర్ర పనిచేయదు.

శాలువా కప్పిన మూడో రోజు పొద్దున్న లోవరాజు ఫోను చేశాడు. “అత్తయ్యా, పిల్ల కళ్ళు తేలేసిందండి. పిల్లల ఆసుపత్రికి తెచ్చేశామండి, మీరు తొందరగా రండి.”

ఆవిడ వెళ్ళేసరికి పిల్లకి సెలైన్ పెట్టారు. డాక్టరమ్మ ప్రవల్లికని నిలదీస్తోంది. “ముప్ఫై మిల్లీలీటర్ల నీళ్ళకి ఒక చెంచా పొడి. నువ్వెంత వేస్తున్నావు?”

ప్రవల్లిక పిల్ల మీద దుప్పటి సర్దింది.

“చెప్పమ్మా. ఎంత?”

“తొంభైకి ఒకటండి.”

“అంటే పిల్లకి నీళ్ళు తాగిస్తున్నావు. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే నాకు చూపించడానికి నీ దగ్గర పిల్ల ఉండేది కాదు. వెంటనే కొత్త డబ్బా తెప్పించండి. ఈ రోజు నుంచి కొలత తప్పకూడదు.” డాక్టరమ్మ విసురుగా వెళ్ళిపోయింది.

నూకరత్నానికి చెయ్యెత్తి కొట్టాలనిపించింది. “నాలుగొందల ఎనభై రూపాయల డబ్బాకి నీళ్ళు కలుపుతావటే, రాక్షసీ!”

ప్రవల్లిక తన ఫోను తీసి తల్లి చేతిలో పెట్టి, పిల్ల దగ్గరికి లోపలికి వెళ్ళిపోయింది. ఫోనులో అదే డబ్బా, అదే బొమ్మ, అదే బరువు. ధర పన్నెండు వందల నలభై.

నూకరత్నం వరండాలో బెంచీ మీద కూర్చుని సంచీలోంచి ఆఫీసు ఫోను తీసింది. అందులో నాలుగు వందల ఎనభై. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. ఇదెక్కడి చోద్యం! సరే, రూలు గంగలో కలవనీ అనుకుని, ఇరవయ్యారేళ్ళలో మొదటిసారి, ధర అడిగిన చోట కొనడానికి ఆఫీసు ఫోనులో ‘కొను’ అన్న చోట వేలు పెట్టింది.

తెర ఒకసారి తిరిగింది. “ధర సవరించబడింది” అని వచ్చింది. పదమూడు వందల తొంభై.

ఆవిడ చప్పున వెనక్కి వచ్చి ఇంకోసారి అడిగింది. పదమూడు వందల తొంభై. ఫోను మూసి, లేచి, వరండా చివరిదాకా నడిచి మళ్ళీ చూసింది. అదే. చుట్టుపక్కల ఒక్క కొట్టూ లేదు. ఆసుపత్రి మందుల కొట్టు ఉండే గదిలో ఇప్పుడు గడపవాళ్ళ పెట్టెలు పేర్చి ఉన్నాయి. ఆవిడ కొనేసింది. పదకొండు నిమిషాల్లో డబ్బా చేతికొచ్చింది. అంత వేగం చూసి మురిసిపోయేవాళ్ళే కదా ఊరినిండా.

లోపల డబ్బా చూసి ప్రవల్లిక ఇంకా ముడుచుకుపోయింది. నాలుగొందల ఎనభైకే వచ్చిందనుకుంది కాబోలు. కాదని చెప్పొచ్చు. ఒక్క మాట. నూకరత్నం ఆ ఒక్క మాట చెప్పలేకపోయింది. బేరంలో ఓడిపోయానని కూతురి ముందు ఒప్పుకోవడం ఆవిడకి చావుతో సమానం. అవతల పిల్ల ప్రాణం మీదికొచ్చినా ఈవిడ గొప్ప ఈవిడదే.

మర్నాడు పొద్దున్నే అద్దాల మేడకి వెళ్ళింది. “రండి రండి మేడమ్, మా గురువుగారు” అంటూ ఎదురొచ్చాడు నిశాంత్.

నూకరత్నం రెండు ఫోన్లూ బల్ల మీద పెట్టింది. “ఒకటే డబ్బా, మూడు ధరలు. ఏది నిజం?”

“మూడూ నిజమే మేడమ్” అన్నాడు ఏ తడబాటూ లేకుండా. గోడ మీది పెద్ద తెర వెలిగించి జగన్నాథపురం అంతా చూపించాడు. ఇంటికో చుక్క, చుక్కకో అంకె. ఒక చుక్క మీద వేలు పెట్టాడు. “ఇది మీ అమ్మాయిగారిల్లు. పాల డబ్బా మూత రోజుకి తొమ్మిదిసార్లు తెరుస్తున్నారు. అడుగున చెంచాతో గీకిన చప్పుడు మూతకి వినపడుతుంది. ధర రోజుకి ఇరవైసార్లు చూసి కొనకుండా మూసేస్తున్నారు, మళ్ళీ చూస్తున్నారు. ఆత్రం తొంభై ఆరు. మీరు చెప్పినవే మేడమ్ ఇవన్నీ. మేం యంత్రానికి నేర్పామంతే.”

“మరి నాకు?”

“మీరు రెండేళ్ళలో తొంభై నాలుగు సరుకులు ప్రతి వారం అడిగారు. ఒక్కటీ కొనలేదు. ఆత్రం సున్నా. ఇంత ఓపికున్న గిరాకీని మా యంత్రం ఎక్కడా చూడలేదు. మిమ్మల్ని ఎలాగైనా పట్టాలని ఒక్క వారం కూడా ధర పెంచకుండా ఉంచింది. నిన్న మీరు పిల్లల ఆసుపత్రిలోంచి ‘కొను’ నొక్కారు చూడండి, అప్పుడు దానికి అర్థమైంది.”

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. “అంటే దేశంలో ధరలు అడిగేవాళ్ళందరికీ...”

“అందరికీ అదే రూలు కదా మేడమ్. అడుగుతారు, కొనరు. అందుకే అందరికీ తక్కువే వచ్చింది, అందుకే సున్నా. మేం ఎవర్నీ మోసం చెయ్యలేదండి. మీలాగా కొనకుండా ఉండగలిగితే ఎవరికైనా ఆ ధరే ఇస్తాం.”

“కొననివాడికి చవగ్గా అమ్ముతావన్నమాట.”

“అలా అంటే...”

“పాలకేడిచే పిల్ల ఎన్నాళ్ళు కొనకుండా ఉండాలయ్యా?”

నిశాంత్ తెర వంక చూశాడు. “అది మా విభాగం కాదండి” అన్నాడు.

పెద్ద చదువులు చదివి నేర్చుకున్నది ఆ ఒక్క వాక్యమే. నూకరత్నం ఆ మొహం వంక ఇంకో క్షణం చూడలేక లేచొచ్చేసింది. వాణ్ణి తిట్టుకుందామంటే వాడికి పాఠం చెప్పింది తనే. పూలకుండీ పుచ్చుకుని చెప్పింది.

ఆ నెల లెక్క పంపడానికి ఆ రోజే గడువు. పాల డబ్బా ఎదురుగా పదమూడు వందల తొంభై అని వేసి కాగితం డైరెక్టరు బల్ల మీద పెట్టింది. విశ్వనాథంగారు చదివి, పళ్ళు కుట్టుకునే పుల్ల పక్కన పెట్టారు. “ఇదేంటమ్మా? ఒక్కచోట ఇంత అంకె పడితే సున్నా ఏమవుతుంది?”

“పోతుందండి. పోవాలి. ఆ ధరే నిజం, నేను కొన్నాను.”

“కొన్నారా?” ఆయన మొహం విప్పారింది. “ఇంకేం, గొడవే లేదు. ధర అడిగినచోట కొన్న ఉద్యోగి రాసిన ధర చెల్లదు. మీకు తెలీని రూలా?”

“కొన్నవాళ్ళ ధర చెల్లకపోతే ఇంకెవరిది చెల్లుతుందండీ? అక్కడ మా అల్లుడి జీతం రెండేళ్ళుగా పైసా పెరగలేదు. నేను రాసిన నాలుగొందల ఎనభై చూపించే పెంచలేదు. వాడి పిల్ల నీళ్ళు తాగి బతుకుతోంది.”

“అరవకండి. ఉద్యోగులు కాని గృహిణులు ఓ పదిమంది చేత, ఎంతకి కొన్నారో రాయించి సంతకాలు పెట్టించుకు రండి. సాయంత్రం ఐదు వరకూ చూస్తాను.” తీసుకురావడం ఆవిడ వల్ల కాదని ఆయనకి తెలుసు. ముప్ఫై ఏళ్ళు ఈ ఊళ్ళో బతికాడాయన.

నూకరత్నానికీ తెలిసుండాల్సింది. అయినా వెళ్ళింది. ప్రవల్లిక అపార్టుమెంటు కింద లిఫ్టు దగ్గర ఆడవాళ్ళని పోగేసింది. అందరి ఇళ్ళలోనూ పసిపిల్లలో, మందులు మింగే ముసలాళ్ళో ఉన్నవాళ్ళే. “ఎవరికి ఎంత పడుతోందో నిజం చెప్పండమ్మా. రాసుకుంటాను.”

మన ఊళ్ళో ‘ఎంత పడింది’ అంటే కొన్న ధర చెప్పినవాళ్ళు చరిత్రలో లేరు. రెండొందల చీర నూటయాభై అంటారు. కొట్లున్న రోజుల్లో అదో సరదా. ఇప్పుడు ఇంటికో ధర కదా, ఎక్కువ పడిందని చెప్పడమంటే మా ఇంట్లో ఆత్రం ఎక్కువని, మేం లేనివాళ్ళమని డప్పు కొట్టుకోవడమే.

“మాకు నాలుగొందల అరవై అండి” అంది మొదటావిడ.

“మాకు నాలుగొందల నలభైకే వస్తోందండి. మా ఆయన చూసి తెప్పిస్తారు” అంది రెండో ఆవిడ.

“నాలుగొందలు” అంది మూడో ఆవిడ, ముందు ఇద్దరి వంకా జాలిగా చూస్తూ.

“ఫోన్లు చూపించండి.”

ఒక్కరూ చూపించలేదు. ఒకావిడకి చార్జింగు లేదు, ఒకావిడ ఫోను వాళ్ళాయన పట్టుకెళ్ళాడు, మిగతావాళ్ళకి పొయ్యి మీద కూర గుర్తొచ్చింది. ఛీ, మీ బతుకులు, అని గట్టిగా అనేద్దామనుకుంది నూకరత్నం. నోటిదాకా వచ్చింది కూడా. నిన్న ఆసుపత్రిలో కూతురి ముందు తను నోరు మూసుకుని నిలబడటం గుర్తొచ్చి మింగేసింది. వీళ్ళ కంటే తనేం మేలు? వీళ్ళు పక్కింటివాళ్ళకి అబద్ధం చెప్పారు, తను కన్నకూతురి దగ్గరే నిజం దాచింది.

ఐదింటికి విశ్వనాథంగారు ఫోను చేసి, సూచీ సున్నా అని ఢిల్లీకి వెళ్ళిపోయిందని చెప్పారు. రూలు తప్పినందుకు ఆవిణ్ణి సస్పెండు చేశామనీ, రేపటి నుంచి ధరలు అడిగే పనికి ఒక యంత్రాన్ని పెడుతున్నామనీ చెప్పారు. “దానికి కూతుళ్ళూ మనవరాళ్ళూ ఉండరు చూడండి” అని నవ్వారు. ఆ నవ్వు విన్నాక ఆవిడకి ఉద్యోగం పోయినందుకు ఏ మాత్రం బాధ కలగలేదు.

ఆసుపత్రిలో ప్రవల్లిక పిల్లకి పాలు కలుపుతోంది. చెంచా అంచు సమంగా గీసి, లెక్కపెట్టి మరీ వేస్తోంది. పిల్ల ఏడుపులో కాస్త బలమొచ్చింది. బతుకుతుంది, కొలత తప్పకపోతే.

“అమ్మా, డబ్బా ఇంకో నాలుగు రోజులొస్తుంది” అంది తల ఎత్తకుండా. “మళ్ళీ నువ్వే కొనిపెట్టు. నాకు చేతకాదని నువ్వన్నది నిజమేలే.”

“పదమూడొందల తొంభై” అంది నూకరత్నం.

“ఏంటి?”

“ఆ డబ్బా. నాకు పదమూడొందల తొంభై పడింది. నిన్ననే చెప్పాలి నీకు. సిగ్గేసి చెప్పలేదు. నీ చేతకానితనం కాదే ఇది. వాళ్ళకి ఇదంతా నేర్పిన దరిద్రురాల్ని నేనే.”

కూతురు ఏడుస్తుందనుకుంది నూకరత్నం, తిడుతుందనుకుంది. ప్రవల్లిక మొహం మెల్లగా వెలిగింది. “నీకు పదమూడొందల తొంభైయా? నాకు పన్నెండొందల నలభైకే ఇస్తున్నాడే!” అంది. “అయితే ఈసారి నేనే తెప్పిస్తాను. నూటయాభై కలిసొస్తుంది.”

నాలుగు నెలల తర్వాత కూతురి మొహంలో సంతోషం చూసింది నూకరత్నం. పన్నెండొందల నలభై చవకబేరమైపోయింది. మనుషుల్ని ఇంతకి దిగజార్చగలిగినవాళ్ళకి ఏ సూచీతో పనేముంది?

పక్క మంచం దగ్గర ఓ పిల్లతల్లి సీసాలో నీళ్ళు పోస్తూ ఇదంతా వింటోంది. పాతికేళ్ళుండవు. ఆవిడ కొడుకు ఎముకల గూడులా పడుకుని ఉన్నాడు. ప్రవల్లిక హుషారుగా అటు తిరిగింది. “మీకు ఎంత పడిందండీ?”

“మాకు తొమ్మిదొందలేనండి” అంది ఆ పిల్ల తడుముకోకుండా. అంటూనే పొడి చెంచా సీసా మీదికి తెచ్చింది. చెంచాలో సగం కూడా లేదు.

నూకరత్నం లేచి వెళ్ళి, ఆ పిల్ల చేతిలోంచి చెంచా తీసుకుని, తమ డబ్బాలో నిండా ముంచి ఆ సీసాలో పోసింది. మళ్ళీ ముంచింది.